ముందుగా వంటావిడ విస్తరి

నేను ఒక ఇన్సులిన్ పెన్నును. పెన్ను అన్నానని నన్ను రాయమనకండి. నాలో ఉన్నది సిరా కాదు, భోజనానికి ముందు పొట్టమీద పొడుచుకునే మందు. కంటికి కనబడని సూక్ష్మజీవుల చేత దాన్ని పెద్ద పెద్ద తొట్లలో తయారు చేయించి, శుద్ధి చేసి, నాలోని గాజు గొట్టంలో నింపారు. నా గుణం తొందర. ఒంట్లోకి వెళ్లిన పావుగంటకల్లా పనిలో దిగుతాను. అప్పటికి మనిషి ముందు అన్నం ఉండాలి. లేకపోతే కాపాడాల్సిన మనిషినే పడగొడతాను.

చోడవరం మందుల షాపులో నన్ను కొనుక్కున్నది వరహాలమ్మ. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకు వంట చేస్తుంది. ఐదువందల మందికి అలవోకగా వండేస్తుంది గానీ, తను మాత్రం అందరూ తిని లేచాక అడుగూ బొడుగూ తింటుంది. ఇరవై ఏళ్లుగా అదే అలవాటు. మాత్రలకు చక్కెర లొంగకపోయేసరికి డాక్టరమ్మ నన్ను రాసిచ్చి, "పొడుచుకున్నాక వెంటనే తినాలి. ఆలస్యం చేశావో, కళ్లు తిరిగి పడిపోతావు" అని మరీ మరీ చెప్పింది. వరహాలమ్మ తలూపింది. డాక్టర్ల ముందు మనుషులు భలే తలూపుతారు.

పొయ్యి సెగ తగలకుండా తడిగుడ్డ చుట్టిన చిన్న కుండలో నన్ను వెంట తీసుకెళ్లేది. నాలుగో రోజు ఒక పెళ్లిలో ఎనిమిది యూనిట్లు పొడుచుకుని విస్తరి ముందు కూర్చుంది. ఇంకా ముద్ద కలపలేదు. ఇంతలో ఆమె ఆడపడుచు పైడితల్లి కేకేసింది.

"ఒదినా, రెండో బంతికి పప్పుచారు సాలదే!"

"ఒక్క నిమసం" అంటూ లేచింది. ఆ నిమిషం అరగంటయింది. నేను వెనక్కి రాలేను కదా! ఆమెకు ఒళ్లంతా చెమట పట్టింది. పొయ్యి దగ్గర చెమట ఎవరికి వింత? చేతులు వణికి గరిటె జారింది. ఉప్పు డబ్బా పట్టుకుని "ఇదేటే?" అని అడిగేసరికి పైడితల్లికి మందు సంగతి గుర్తొచ్చింది. గ్లాసు నీళ్లలో చక్కెర కలిపి, దగ్గరుండి తాగించింది. ఐదువందల మంది భోజనం మధ్య వంటావిడ ఆకలితో పడిపోబోయింది.

తేరుకున్నాక పైడితల్లి ఏడ్చింది. "నానే కదా పిలిసాను ఒదినా!"

"పిలిసింది నువ్వే. లెగిసింది నాను" అంది వరహాలమ్మ. "ఇకమీద లెగవను."

పన్నెండో రోజు సన్యాసినాయుడి ఇంట్లో పెళ్లి. పన్నెండున్నరకల్లా వంటంతా దించేసి, పందిట్లో ఓ మూల వరహాలమ్మ విస్తరి వేసుకుంది. నాయుడు చూశాడు.

"పెళ్లోరింకా కూకోనేలేదు. నువ్వు తినడానికి తయారైపోనావేటి?"

"మందేసుకోవాలి బాబూ. ఏసుకుంటే తినాల."

"తరవాత ఏసుకో."

"తరవాతంటే నాలుగవుద్ది. అప్పటికి నాను నిలబడలేను. వంట అయిపోనాది, రుసి సూసుకోండి. నాకు పావుగంట సాలు."

"ఇలాగైతే మా ఇంటికి మరింక రానక్కర్లేదు."

ఆమె మొహం పాలిపోయింది. నాయుడు కాదంటే ఆ ఊళ్లో మరెవరూ పిలవరు. అయినా నన్ను తీసి, నా చివరనున్న మీటను ఎనిమిది అంకె దగ్గరకు తిప్పి, పొట్టమీద ఆనించి నొక్కింది. పది లెక్కపెట్టి తీసింది. పప్పన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

అప్పుడు గుమ్మంలోంచి నాయుడి తల్లి నరసాయమ్మ నెమ్మదిగా గోడ పట్టుకుని వచ్చింది.

"ఒరే, ఆయమ్మ పక్కన నాకూ ఓ ఇస్తరెయ్యరా. సుగరు మాత్రేసుకుని గంటైపోనాది. పెళ్లోరు తిననిదే ఎలా అడగడమని నోరు మూసుక్కూకున్నాను. కాళ్లు తేలిపోతన్నాయి."

నాయుడు గబగబా వెళ్లి విస్తరి తెచ్చి తల్లి ముందు పరిచి, తనే అన్నం వడ్డించాడు. తర్వాత, ఎటూ చూడకుండా, అదే గరిటెతో వరహాలమ్మకూ మారు వడ్డించాడు.

"ఒదినా, పెళ్లోరు కూకుంతన్నారు!" అంటూ పైడితల్లి పరుగెత్తుకొచ్చింది.

"కూకోనీ. వడ్డిస్తా ఉండు, వత్తాను" అంది వరహాలమ్మ. ముసలావిడ వైపు నేతిగిన్నె జరిపింది.

నాలో చివరి ఎనిమిది యూనిట్లు అక్కడే అయిపోయాయి. ఇప్పుడు వాడేసిన సూదులతో పాటు గట్టి మూత ఉన్న డబ్బాలో ఉన్నాను. రేపు ఆస్పత్రిలో అప్పగిస్తుంది. పన్నెండు రోజులే బతికాను. వరహాలమ్మ తను వండిన అన్నాన్ని పొగలు కక్కుతుండగా తినడం చూశాను.