కొత్త చొక్కా

ఏటి నీళ్ళు పసుపెక్కడానికి కారణం కొండవాళ్ళేనని ఊళ్ళో పసిపిల్లలకు సైతం తెలుసు. తాళ్ళు పేనడానికి వాళ్ళు నార కట్టలను ఏటి గుంటలో నానబెడతారు. ఆ కుళ్ళే కిందికి దిగి కుళాయిల్లోకి వస్తుంది. బస్సులోనూ, ఆస్పత్రి వరుసలోనూ ఇదే మాట. ఆ మాటను మొదట కరపత్రంగా వేసి పంచింది ఎగువనున్న గని కార్యాలయం. రాసింది అక్కడి ప్రచార అధికారి. అందులో తప్పులు దిద్దిపెట్టింది ఆయన భార్య, వంటింటి గట్టుమీద, ఒక కన్ను పొయ్యిమీద ఉంచి.

ఆ కరపత్రం రాసిన మనిషే ఒక ఉదయం చొక్కా ఆమె ముందుకు విసిరాడు.

"ఇదేం ఉతుకుడు? కాలరు చూడు, కామెర్లొచ్చినట్టుంది. వచ్చే వారం ఏటి నీళ్ళ విచారణ సభలో పెద్దాఫీసరు పక్కన కూర్చోవాలి నేను!"

"చేతిలో ఉండాలిరా," అంది అత్తగారు టీ చప్పరిస్తూ. "కెమిస్ట్రీ చదివిందట. మరక వదిలించడం రాదు."

ఆమె చొక్కా బకెట్లో పడేసింది. అప్పటికే వారంగా ఆమె చేతులు బ్లీచింగు పొడికి పొక్కిపోయి ఉన్నాయి. ఎంత వేస్తే మరక అంత ముదిరింది. నా చేతిదే లోపమని ఇన్నాళ్ళూ నమ్మాను కదా అనుకుంది. ఉప్పెక్కువైనా, పిల్లకు జ్వరమొచ్చినా, ఆఖరికి కరెంటు పోయినా లోపం నా చేతిదేనని ఈ ఇల్లు నన్ను నమ్మించింది కదా. కుళ్ళిన నార మరకైతే బ్లీచింగుకు పాలిపోవాలి. ఇనుము మరకే బ్లీచింగుకు ముదురుతుంది. ఏటిలో ఇనుము కలిపేది నార కాదు, గని. డిగ్రీ రెండో ఏడాదిలో చదివిన ఈ ముక్క బకెట్ ముందు కూర్చున్న ఇన్నేళ్ళలో ఒక్కసారీ గుర్తుకు రాలేదు. గుర్తు తెచ్చుకునే తీరిక ఎవరిచ్చారు? కోపం ముందు తనమీదే వచ్చింది. తరవాత దానికి అసలు చిరునామా దొరికింది. ఆ సభ తీర్మానిస్తే కొండవాళ్ళను ఏటిగట్టు నుంచి ఖాళీ చేయించి, ఆ నేలను గనికి కలుపుతారు. అందుకు సాక్ష్యం, తాను అక్షరదోషాలు దిద్దిన కరపత్రం.

మర్నాడు పక్కింటి ఆడవాళ్ళను ఇద్దరిని వెంటబెట్టుకుని ఏటి వెంట పైకి నడిచింది. వాళ్ళ ఇళ్ళలోనూ ఇవే మరకలు, ఇవే తిట్లు.

నడుము లోతు నీళ్ళలో నార కట్టలు తిప్పుతున్న కొండామె వీళ్ళను చూసి నవ్వింది. "తిట్టడానికేనా అమ్మా? వరసలో నిలబడండి. నిన్నొచ్చినవాళ్ళవే ఇంకా అరగలేదు."

"గుడ్డ ముక్కలు కట్టడానికి వచ్చామక్కా. నీ గుంట కింద ఒకటి, ఇంకా దిగువన గని నీళ్ళు వదిలే గొట్టం కింద ఒకటి."

కొండామె కట్ట వదిలేసి గట్టుకు వచ్చింది. "మా గుంటకు పైన కూడా ఒకటి కట్టు. లేకపోతే అసలు కొండే కుళ్ళిందంటారు." తరవాత, వచ్చినామె సంచీలోంచి తీసిన బట్టను చూసింది. "కొత్తదిలా ఉందే! మొగుడిదా?"

"అవును."

"అయితే గట్టిగా చింపు."

ముగ్గురూ తలో ముడి వేశారు.

సభ రోజు ఉదయం ఆయన బీరువా అంతా వెతికాడు. "సభకని కొన్న కొత్త చొక్కా ఏది?"

"నీళ్ళలో ఉంది."

చేసేది లేక కామెర్ల కాలరుతోనే వేదికెక్కాడు. నార కుళ్ళు గురించి గంభీరంగా మాట్లాడి కూర్చున్నాడు. అప్పుడు ఆమె లేచింది. కొండామె ఇచ్చిన నారతాడును రెండు కిటికీల మధ్య కట్టి, ఇంట్లో బట్టలారేసినంత మామూలుగా మూడు ముక్కలు ఆరేసింది.

ముందు వరుసలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "అయ్యో, అవి మావాడి చొక్కా ముక్కలే!"

ఆయన దిగివచ్చి చెవిలో బుసకొట్టాడు. "పరువు తీయకు. ఏదున్నా ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో నేను మాట్లాడితే మీరు టీవీ పెంచుతారు," అంది ఆమె, చెవిలో కాదు, హాలంతటికీ వినబడేలా. "ఇకనుంచి మీ బట్టలు మీరే ఉతుక్కోండి. మీ కరపత్రాలూ మీరే దిద్దుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాఫీసరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇవేమిటమ్మా?"

పక్కింటి ఆడవాళ్ళిద్దరూ లేచి ఆమెకు చెరో పక్క నిలబడ్డారు. వెనక గోడ దగ్గర కొండామె కూడా కదిలి ముందుకు వచ్చింది.

"మూడూ ఒకే చొక్కా ముక్కలండీ. ఒకే రోజు కట్టాం, సభకు వచ్చేముందు ఒకేసారి విప్పాం. నార గుంటకు పైన కట్టింది తెల్లగా ఉంది. గుంటకు కింద కట్టినదానికి నార వాసన వచ్చింది, రంగు రాలేదు. గని గొట్టానికి కింద కట్టింది పసుపుగా ఉంది."