బకెట్, లాడర్, పీచ్

పరీక్ష అన్న మాట చెవిన పడితే చాలు, నాకు చేతులు ఊరుకోవు. ఎంసెట్‌లో ర్యాంకు తెచ్చుకున్నదాన్ని. మా ఈషాన్‌ని స్పెల్లింగ్ పోటీలకు తయారుచేసిందీ నేనే. అందుకే వాడు కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో చేరి, "తలకి హిట్ అయితే మెమరీ టెస్ట్ పెడతారమ్మా, ఫెయిలైతే ఆడనివ్వరు" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది.

"మనింట్లో ఫెయిలవడమేంట్రా?" అన్నాను.

ఆ టెస్ట్‌లో అడిగేవి ఐదేసి మాటల జాబితాలు ఆరు. ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారు. ప్రింటు తీసి, అమెరికాలో, క్యారీ ఊళ్లో మా వంటింట్లో, ఆ వేసవంతా దోసెలు వేస్తూ అప్పజెప్పించుకున్నాను. బకెట్, లాడర్, పీచ్, డ్రమ్, మిర్రర్. నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. మెదడుకు దెబ్బ తగిలిందో లేదో కనిపెట్టడానికి పెట్టిన పరీక్ష అది. బట్టీ పడితే ఇక అది దేన్ని కనిపెడుతుంది? ఇంత చదువు చదివిన నాకు ఆ మాత్రం తట్టలేదు.

అక్టోబరులో ఒక శనివారం, పదకొండేళ్లుగా ఈషాన్ వాళ్ల కాలేజీని చితక్కొడుతున్న పెద్ద కాలేజీతో ఆట. ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో ఆడేది కాదు, బంతి చంకన పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునేది. సగం ఆట అయ్యేసరికి వాళ్లకి ఇరవై నాలుగు, మనకి సున్నా. విరామానికి కాస్త ముందు ఈషాన్ బంతి కోసం ఎగిరాడు. ఇద్దరు వచ్చి గుద్దారు. నేలకు ముందు తలే తగిలింది. లేచి, అవతలి జట్టు బెంచీ వైపు నడిచాడు.

విరామంలో వీళ్ల టీమ్ ట్రైనర్, ఆటగాళ్ల దెబ్బలు చూసే నెరిసిన జుట్టావిడ, కంచె దగ్గరికి వచ్చింది.

"టెస్ట్‌లో ఫుల్ మార్కులు. కానీ వాడి చూపు నాకు నచ్చలేదు. తల్లివి కదా, నీకేమైనా తేడా కనిపించిందా?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఆ మార్కులు నమ్మకు, వాడు బట్టీ పట్టాడు అని ఒక్క మాట చెబితే సరిపోయేది. వెనకనుంచి ఈషాన్ నన్నే చూస్తున్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఫుల్ మార్కులనగానే నాకు కడుపు నిండింది.

"బాగానే ఉన్నాడు," అన్నాను.

వాణ్ని మళ్లీ ఆడనిచ్చారు. మనవాళ్లు గెలిచారు. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి. ఇంకో నాలుగు సెకన్లున్నాయనగా బంతి ఈషాన్ చేతుల్లో పడింది. గీత దాటాడు. మనకి ఇరవై ఏడు, వాళ్లకి అదే ఇరవై నాలుగు. జనం కంచె దూకి మైదానంలోకి పరిగెత్తారు. నేనూ గొంతు పోయేలా అరిచాను.

వాడు అందరినీ తప్పించుకుని నా దగ్గరికి వచ్చి హెల్మెట్ తీశాడు.

"అమ్మా, గేమ్ ఎప్పుడు స్టార్ట్ అవుతుంది?"

వేళాకోళం అనుకున్నాను. అదే మళ్లీ అడిగాడు. మూడోసారి అడగబోతూ నా మీదికి ఒరిగిపోయాడు.

మెదడులో రక్తస్రావం. రెండు ఆపరేషన్లు. ఐదు వారాల తర్వాత హాస్పిటల్‌లో డాక్టర్ ఐదు మాటలు చెప్పి, తిరిగి చెప్పమంది. ఈషాన్ చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

"బకెట్, లాడర్, పీచ్, డ్రమ్, మిర్రర్."

అందులో డాక్టర్ చెప్పిన మాట ఒక్కటీ లేదు. వాడు మాత్రం దోసె కోసం కూర్చున్నప్పటిలాగే నా వైపు తిరిగాడు.

"కరెక్టా అమ్మా?"

ఆ మాటలెక్కడివని డాక్టర్ నన్ను అడిగింది. కంచె దగ్గర చెప్పాల్సింది అప్పుడు చెప్పాను.