మూడు రోజులకి ఒక జాడీ

అయినా మూడు రోజులకి అంత జాడీ ఎందుకో, ముగ్గురం పూటపూటా తిన్నా దాని పై పొర కూడా తరగదు, అమెరికావాళ్లు బాంబులేస్తారట, మూడు రోజులు ఊరు ఖాళీ చేస్తే చాలట, యుద్ధం గెలిచి ఊళ్లోకి దిగిన నల్ల బట్టలవాళ్లు తుపాకీ మా గుమ్మంలో ఆనించి మరీ చెప్పారు, నేను ఇంటికి తాళం వేసి తాళంచెవి నడుముకి దోపుకున్నాను, కాసిన్ని బియ్యం, ఒక గిన్నె, తలా రెండు జతల బట్టలు, మా ఆయన వన్నాక్ మాత్రం తన టైలన్నీ మడతపెట్టి సర్దుకున్నాడు, ఇప్పుడు టైలెందుకండీ అంటే తిరిగొచ్చాక నేరుగా డ్యూటీకి వెళ్లాలి కదా అన్నాడు, ఇక మా అత్తయ్య, బంగారం ఊసెత్తలేదు, కొత్త సంవత్సరానికి దిగొచ్చిన దేవత కోసం పెట్టిన అరటిపళ్ల వైపైనా చూడలేదు, సరాసరి వంటింట్లోకెళ్లి ప్రహోక్ జాడీని, పోయిన చలికాలంలో తన కాళ్లతో చేపలు తొక్కి ఉప్పేసి ఊరబెట్టిన జాడీని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని వచ్చేసింది, ఇది లేకపోతే నేను కదలనే థవీ, కాలుస్తారేమో కాల్చుకోమను అంది, కాల్చేవాడు గుమ్మంలోనే ఉన్నాడత్తయ్యా అంటే ఉండనీ, వాడికీ ఇంత పెడదాం అంది.

ఫ్నోం పెన్ మొత్తం ఒకే రోడ్డు మీదికి వచ్చి పడింది, ఈ ఎండకి తారు చెప్పులకి అంటుకుంటోంది, ముందు ఎవరో ఫ్యాను మోసుకెళ్తున్నారు, ఏ అడవిలో తిప్పుకుంటారో, పక్కన ఆసుపత్రి మంచాన్ని మంచంగానే తోసుకెళ్తున్నారు, మంచం మీది మనిషి సెలైన్ సీసా తానే పైకెత్తి పట్టుకున్నాడు, చూడకూడదు, చూస్తే నడవలేను, ఇంత తొక్కిసలాటలోనూ మా చుట్టూ మాత్రం ఖాళీయే, ఊరంతా లొట్టలేసుకుని తినే ప్రహోకే అయినా ఇంత ఎండలో ఆ కంపుకి దండం పెట్టాల్సిందే, వన్నాక్ సైగలు చేస్తున్నాడు, దాహమంటున్నాడో దణ్ణమంటున్నాడో అర్థం కాదు, నోరు విప్పితే ఒట్టే అని పొద్దున నేనే చెప్పాను, మరి రేడియోలో రోజూ సాయంత్రం మన సేనలు ముందుకు దూసుకుపోతున్నాయని చదివిన గొంతు అది, మొన్నటిదాకా దూసుకుపోతూనే ఉన్నాయి పాపం, వినని ఇల్లు లేదు, పెళ్లయిన నాటి నుంచి ఈ మనిషి నోరు ఒక్కపూట మూతపడితే చాలు దేవుడా అనుకున్నదాన్ని, మూతపడింది, హాయిగా ఉండాలి కదా, లేదు, చెవులు బోసిపోయినట్టున్నాయి, అత్తయ్యేమో ఊరుకోదు, ఏరా ఆకలేస్తోందా, ఏరా మాట్లాడవేం, నేను మోచేత్తో పొడిస్తే ఓహో మూగోడివి కదూ మర్చిపోయానురా అని గట్టిగా అంటుంది.

వంతెన దగ్గర ఆపేశారు, మైకులో ఒకడు, పాత ప్రభుత్వంలో పనిచేసిన కామ్రేడ్లు, ఆఫీసర్లు, రేడియోవాళ్లు ఇటు రండి, మీతో పనుంది, వెనక్కి ఊళ్లోకి తీసుకెళ్తాం అంటున్నాడు, జనంలోంచి కొందరు చొక్కాలు సర్దుకుంటూ లారీ వైపు వెళ్తున్నారు, పెళ్లాలు నవ్వు మొహాలతో సాగనంపుతున్నారు, అమ్మో, వన్నాక్ మొహం చూశాను, వెలిగిపోతోంది, రేడియోవాళ్లు అన్నారుగా, నేను లేకుండా ఎలా నడుస్తుంది అన్న మొహం, వద్దండీ, చెయ్యి పట్టుకున్నాను, విదిలించుకున్నాడు, మెడ నిక్కించాడు, ఇక వార్తల ముందు గొంతు సవరించుకోవడం, ఊరంతా ఎరిగిన ఆ సవరింపు, ఖ్హు అని మొదలైంది, అత్తయ్య జాడీ మూత తీసింది, గుప్పెడు పచ్చి ప్రహోక్ తీసి కొడుకు నోట్లో కుక్కింది, మింగరా నాయనా అని మూతి మూసి పట్టుకుంది, మిగిలింది అతని అరచేతులకి పులిమేసింది, అతని కళ్లు బయటికొచ్చేశాయి, ముక్కులోంచి నీళ్లు, ఏమిటా గోల అని టైరు చెప్పుల కుర్రసైనికుడు వచ్చాడు, అయిపోయింది అనుకున్నాను, వాడు ముక్కు ఎగబీల్చి ఏ ఊరే అవ్వా అన్నాడు, పెద్ద సరస్సు ఒడ్డు బాబూ, ఇంత రుచి చూడు అని పెట్టింది, వాడు నాకి మా అమ్మ చేసినట్టే ఉంది అన్నాడు, అంతలోనే మొహం గట్టిపరుచుకుని మరి వీడెవడు, ఏం పని అన్నాడు, నా కొడుకయ్యా, పుట్టుమూగ, చేపలు తొక్కడం తప్ప ఇంకేం చేతకాదు, నా ఖర్మ అంది, వన్నాక్ కన్నీళ్లు కారుస్తూ తలూపాడు, జన్మలో అంత నిజంగా దేనికీ తలూపి ఉండడు, పొండి పొండి అన్నాడు వాడు.

వంతెన దాటి జనంలో కలిశాక వన్నాక్ ఉమ్మేసి, అమ్మా నిన్నేం చెయ్యాలి, పిలిచి ఉద్యోగం ఇస్తామంటే చెడగొట్టావు అని గొణిగాడు, అత్తయ్య నడక ఆపకుండా, లారీ ఎక్కినోళ్ల మూటలన్నీ కిందకి దింపేశార్రా, పనికి తీసుకెళ్లేవాడు కట్టుబట్టలతో ఎందుకు ఎక్కిస్తాడు అంది, అతను వెనక్కి తిరిగి చూశాడు, నేనూ చూశాను, రోడ్డు పక్కన మూటల కుప్ప, లారీ లేదు, అతను మరి మాట్లాడలేదు, ఈసారి ఎవరూ చెప్పకుండానే, అత్తయ్య చేతులు ప్రహోక్ జిడ్డుతో జారుతున్నాయి, మూత పెట్టడం కుదరడం లేదు, ఏమే థవీ, పైన ఉప్పు సర్ది గట్టిగా బిగించు, ఒబ్బిడిగా వాడితే మళ్లీ చేపలు పడేదాకా వస్తుంది అంది, మళ్లీ చేపలు పడేదాకా అంటే చలికాలం, ఇది వేసవి, నడుము దగ్గర తాళంచెవి గుచ్చుకుంటోంది, మూడు రోజుల మాట ఈ ముసలావిడ గుమ్మంలోనే నమ్మలేదు, మేమిద్దరం ఊరికెళ్లొచ్చేవాళ్లలా సర్దుకున్నాం, తాను మాత్రం ఇల్లు ఖాళీ చేసి వచ్చింది, ఇవ్వండత్తయ్యా అని జాడీ అందుకుని నా చంకన పెట్టుకున్నాను.