గుండీలక్క కట్టిన పాట

కాలర్లు కుట్టే పిల్ల మెషిన్ దగ్గరే చీర తడుపుకుంది. నెలలు నిండుతున్న మనిషి. మరుగుదొడ్డి తాళంచెవి అడిగితే, "చేతిలో పని పూర్తిచేసి వెళ్ళు" అన్నాడు సూపర్‌వైజర్. చెవి వాడి బెల్టుకే వేలాడుతోంది. అన్నల్లారా, అక్కల్లారా, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. షెడ్డు నిండా ఉన్నాం, అందరం తలలు దించుకుని కుట్టుకుంటూ పోయాం.

ఆ సాయంత్రమే నేను పాట రాశాను. మా యూనియన్ పాటలన్నీ నావే, అందుకే నన్ను కవిగారూ అంటారు. రక్తం, నిప్పు, సూర్యోదయం అన్నీ పెట్టాను. మర్నాడు భోజనాల వేళ పాడితే అందరూ మర్యాదగా విన్నారు. ఇస్త్రీ తాత ఆవలించాడు.

అప్పుడు గుండీలు కుట్టే అక్క బల్ల మీద చరిచి లేచింది.

"మీరు మాటలు పడెయ్యండి, నేను పాట కడతా. షరతొకటే. మాట ఇచ్చినవాళ్ళే ఆ లైను పాడాలి."

"బొజ్జ" అన్నాడు ఇస్త్రీ తాత.

"బెల్టు" అంది ప్యాకింగ్ వదిన.

"అర్జెంటు" అంది కాలర్ల పిల్ల, తలెత్తకుండానే.

"గోడ" అన్నాడు వాచ్‌మన్.

అన్నం చెయ్యి కడుక్కునేలోపు పాట తయారు.

బొజ్జ పెరిగి బెల్టు దాగె,
బెల్టు కింద చెవీ దాగె,
అర్జెంటాయె దొరగారికి,
గోడ చాటుకే పరుగులాయె!

పొలమారేంతగా నవ్వారు జనం. కాలర్ల పిల్ల కూడా నవ్వింది. నాకు మాత్రం కడుపు భగ్గుమంది.

"అందులో సిద్ధాంతమేదీ?" అని యూనియన్ గదిలో అరిచాను.

"సిద్ధాంతం నువ్వు చూసుకో నాయనా, జనాన్ని ఆవిడ చూసుకుంటుంది" అన్నాడు ప్రెసిడెంటు. పుండు మీద కారం చల్లినట్టయింది.

రోజూ కొత్త మాటలు, కొత్త లైన్లు. "నువ్వూ ఒకటివ్వు కవిగారూ" అనేది అక్క.

"నా దగ్గర మాటలు బోలెడున్నాయి. నీకు మాత్రం ఇవ్వను" అనేవాణ్ణి.

పాట బస్టాపు దాకా పాకింది. సూపర్‌వైజర్ నడుస్తుంటే మెషిన్లే కూనిరాగం తీస్తున్నట్టుండేది. చివరికి మేనేజరు పోలీసుల్ని వెంటేసుకొచ్చి షెడ్డు మధ్యలో నిలబడ్డాడు.

"ఎవరిదీ పాట?"

గుండీలక్క లేచింది. "కుట్టింది నేను సార్. గుడ్డ వీళ్ళందరిది."

"బొజ్జ నాది సార్" అన్నాడు ఇస్త్రీ తాత లేచి. పోలీసాయన కూడా నవ్వాపుకున్నాడు.

"బెల్టు నాది."

"గోడ నాది."

కాలర్ల పిల్ల బల్ల పట్టుకుని మెల్లగా లేచింది. "అర్జెంటు నాదే. ఆ రోజు అర్జెంటయింది నాకే."

ఇక నవ్వు ఆగిపోయింది. కుర్చీలు వెనక్కి జరిగాయి. అందరూ లేచారు, అందరికీ ఒక్కో మాటుంది. కూర్చున్నది నేనొక్కణ్ణే. పోలీసులు పట్టుకుపోబోయే వాళ్ళని చూసి కూడా అసూయపడ్డానంటే నమ్మండి. ఊరంతా పాడే పాటలో నాకొక్క ముక్క లేదు.

అక్కని చెయ్యి పట్టి లాక్కుపోతున్నారు. ఆ తాళం వేసిన మరుగుదొడ్డి ముందు నుంచే దారి.

"తలుపు" అన్నాను లేచి. "ఇదిగో అక్కా, నా మాట. తలుపు."

ఆమె వెనక్కి తిరిగింది. "ఇన్నాళ్ళకా కవిగారూ?" అని, పోలీసు చేతిలో చెయ్యి ఉండగానే కట్టేసింది.

తాళం నీదే కావచ్చు దొరా,
తలుపు మీది భుజం మాది, చూడరా!

అప్పటికప్పుడు కట్టిన ముక్క. నేను రాత్రుళ్ళు కూర్చుని రాసినవాటన్నిటికంటే బాగుంది. ఒళ్ళు మండిపోయింది. కానీ షరతు షరతే, మాట ఇచ్చినవాడే పాడాలి. గొంతు చించుకుని పాడుతూ వెళ్ళి తలుపుకి భుజం ఆనించాను. నా పక్కన ఇస్త్రీ తాత, అతని పక్కన వదిన, వెనక షెడ్డు షెడ్డంతా.

తలుపు ఊడి పడింది. కాలర్ల పిల్ల ఎవర్నీ అడక్కుండా లోపలికి నడిచింది.