నాలుగో చప్పుడు

కదలకండి అని పన్నెండేళ్లుగా నేను అందరికీ చెప్పిన మాటే ఇప్పుడు నా చెవిలో పడుతోంది, కదలను లేరా తమ్ముడూ, ఎక్కడికి పోతాను, ఈ స్కానింగ్ గొట్టంలోకి రోజుకి ఇరవైమందిని తోసినవాణ్ణి, నన్నే తోశావు, పది రోజులుగా ఎడమ కంటికి ఎరుపు ఎరుపులా లేదు, మా పాప రిబ్బను వెలిసిన ఇటుకరంగులో కనపడింది, నిన్నటినుంచి ఆ కంటికి రిబ్బనే లేదు, ఒక్కో రకం ఫొటోకి ఒక్కో చప్పుడు, ఇది నాలుగో చప్పుడు, టకటకటక, మూడు నిమిషాలు, మా ఆవిడ బయట బెంచీ మీద నా వాచీ, ఉంగరం గుప్పిట్లో పట్టుకుని కూర్చుని ఉంటుంది, దగ్గు ఉందా అని కంటి డాక్టరమ్మ అడిగితే లేదండీ అనేశాను, రోజంతా ఏసీ గదిలో ఉండేవాడి దగ్గూ ఒక దగ్గేనా, ఆ తర్వాత కదా ఆవిడ అసలు మాట అంది, కంటి వెనక నరం వాచింది, గడ్డ కావొచ్చు, టీబీ కావొచ్చు, గడ్డయితే కష్టం, టీబీ అయితే మందులకి లొంగుతుంది, దేవుడా, టీబీ ఇవ్వు, ఛీ, రోగం కావాలని ఎవడైనా మొక్కుకుంటాడా, నేను మొక్కుకుంటున్నాను, ఇచ్చెయ్యి.

వాపు ఉన్నచోట తెర మీద తెల్లగా మెరిసే మందు చేతికి ఎక్కించారు, చల్లగా మోచెయ్యి దాటింది, మళ్లీ నాలుగో చప్పుడు, సరే, మందు ఎక్కాక ఒకసారి తియ్యాలి, కానీ ఇదేంటి, ఇంకోసారి, తీసిందే తీస్తున్నారు, ఏం కనపడిందిరా అని అరిచాను, ఏం లేదన్నా, అంతా మామూలే అన్నాడు మైకులో, ఓరి నీ అసాధ్యం కూలా, ఆ మాట నీకు నేర్పిందే నేను కదరా, తెర మీద ఏదైనా కనపడితే నవ్వుతూ ఇలాగే చెప్పమని.

చప్పుడు ఆగింది, ఈసారి పెద్ద డాక్టరుగారి గొంతు, ఏమయ్యా, నరం చుట్టూ, మెదడు అడుగు పొరల్లో ఎక్కించిన మందు పట్టి మెరుస్తోంది, చూస్తే టీబీలాగే ఉంది, నిజం చెప్పు, దగ్గు, సాయంత్రం పూట జ్వరం ఏమైనా వచ్చాయా, అమ్మయ్య, బతికాను, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి, వచ్చాయండీ, ఆరు నెలలుగా దగ్గుతున్నాను, పడుకుంటే చెమటకి చొక్కా తడిసిపోయేది, పాప లేచి తన గౌను అంచుతో నా మెడ తుడిచి, మళ్లీ నా గుండె మీదే, మొహంలో మొహం పెట్టి పడుకునేది, ఆరు నెలలు, నేను వదిలిన ఊపిరే పీలుస్తూ, పోయిన వారంనుంచి అదీ దగ్గుతోంది, మా ఇంట్లో ఏసీ లేదు.