మెలకువగానే కోయండి

తనను నిద్రపుచ్చితే ఊరుకునేది లేదని విటోమిర్ ఆసుపత్రి మంచం మీద భీష్మించుకు కూర్చున్నాడు. ప్రోస్టేట్ ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు. వీపు తెరుచుకునే ఆ సిగ్గులేని గౌనుకీ ఒప్పుకున్నాడు. పూర్తి మత్తుకి మాత్రం ససేమిరా అన్నాడు.

కిందటేడు హెర్నియాకి అలాగే మత్తిచ్చారు. లేచాక వారాల తరబడి బుర్రకి మబ్బు పట్టినట్టే ఉంది. అంతలో స్లావా వచ్చింది, ఇంటిని కాచే పునీతుడి పండుగ. ఇంటిపెద్దగా నిలబడి, ప్రార్థనలో తలచుకోడానికి ఇంట్లో చనిపోయినవాళ్ల పేర్లు పాదిరికి చెబుతూ, ఎదురుగా నిలబడ్డ తమ్ముడు గ్వోజ్దెన్ పేరు కూడా అందులో కలిపేశాడు. అందరూ నవ్వారు. గ్వోజ్దెన్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు, మళ్లీ గడప తొక్కలేదు. అది తలచుకుని విటోమిర్ కుమిలిపోని రోజు లేదు.

"తాతగారూ, నడుముకి సూది వేస్తే కిందిభాగమే మొద్దుబారుతుంది. అన్నీ వినబడతాయి. భయం లేదా?" అంది మత్తు డాక్టరు నెవెంకా.

"వినబడనీ. చెవులు నావేగా!"

"ఏ మత్తయినా ఈ వయసులో తికమక రావచ్చు. రాదని మాటివ్వలేను. పెద్ద డాక్టరేమో నిద్రపుచ్చమంటున్నారు."

"ఆయనకేం, నోరున్న రోగి గిట్టడు. వస్తే నా ఖర్మ, తల్లీ. నా బుర్రని ఆర్పెయ్యడానికి మాత్రం ఒప్పుకోను. అది నాది."

నెవెంకా నవ్వింది. "మీ ఒంటికి సూదీ పడుతుంది. సరే, ఆయనతో నేను మాట్లాడతాను."

ఆపరేషన్ బల్ల మీద నడుముకి సూది పడ్డాక కాళ్లు తనవి కాకుండా పోయాయి. తెర అవతల పనిముట్ల చప్పుడు. భయం వేస్తున్నా, బుర్ర సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి విటోమిర్ తన ఇంట్లో చనిపోయినవాళ్ల పేర్లు పైకే చదివాడు.

"ఎవర్ని పిలుస్తున్నాడీయన?" అని విసుక్కున్నాడు పెద్ద డాక్టరు.

"నిన్ను కాదులే. పని చూసుకో," అన్నాడు విటోమిర్.

స్లావాకి ఎవర్నీ పిలవరు, గుర్తున్నవాళ్లు వస్తారు. ఆపరేషనైన కొన్ని వారాలకి వచ్చిన ఈ ఏటి పండుగనాడు గుమ్మంలో గ్వోజ్దెన్ కనబడ్డాడు, టోపీ తియ్యకుండానే.

"మళ్లీ పాతిపెడతావేమో చూద్దామని వచ్చానన్నా."

విటోమిర్ ఇంకా నీరసంగా ఉన్నాడని అతని కూతురు కుర్చీ వేసింది. స్లావా నాడు ఇంటిపెద్ద కూర్చోడు. విటోమిర్ దాన్ని కాలితో పక్కకి నెట్టి పేర్లు చెప్పాడు. నాన్న వుకోమన్, అమ్మ స్తామెనా, తాత రాద్మిలో.

"అంతేనా?" అన్నాడు పాదిరి.

"అంతే." విటోమిర్ గుమ్మం వైపు చెయ్యి చాపాడు. "మిగతావాళ్లు బతికే ఉన్నారు. అదిగో ఒకడు, తలుపు బార్లా తెరిచి చలంతా ఇంట్లోకి తోలుతున్నాడు. లోపలికి రారా!"

గ్వోజ్దెన్ తలుపు వేసి, టోపీ తీశాడు.