ఇత్తడి బిళ్లలో చిల్లు

తాత చేసిన ఉడతల వేట తుపాకీ మీద డెల్ఫాకి ఆశ ఈనాటిది కాదు. మూతిలోంచి మందు కూరే పాతకాలపు తుపాకీ, బఠాణీ గింజంత గుండు. ఏటా ఆగస్టులో వేట మొదలయ్యే ముందు, పాతిక అంగల దూరాన కంచె మీద పెట్టిన ఐదు పచ్చి వాల్‌నట్ కాయల్లో మూడైనా కొట్టినవాళ్ల దగ్గరే అది ఉంటుంది. కొట్టలేకపోతే ఇంట్లో తర్వాతి వాళ్లకిచ్చేయాలి. కెంటకీ కొండల్లో వాళ్ల వంశానికి అదే వీలునామా. ఇప్పుడది అన్న ఆర్లీ దగ్గరుంది. తర్వాతి వంతు డెల్ఫాది. ఆమెకి అరవై ఆరు నిండాయి.

ఆర్లీకి చూపు మందగించింది. గురి కోసం గొట్టం మీద వెనకున్న గాడిని చూస్తే ముందు కొసనున్న పూస అలుక్కుపోతుంది, పూసని చూస్తే గాడి మాయమవుతుంది. గాడి బదులు కంటి దగ్గర సన్నటి చిల్లున్న బిళ్ల బిగిస్తే ముసలి కళ్లకి కూడా స్పష్టంగా కనబడుతుందని ఎవరో చెప్పారట. వాళ్లుండే వాగు పొడుగునా తుపాకులు బాగుచేసేది డెల్ఫా ఒక్కతే కాబట్టి, సిగ్గు విడిచి చెల్లెలి దగ్గరికే వచ్చాడు.

డెల్ఫా కుదరదంటే సరిపోయేది, తుపాకీ తనకే వచ్చేది. కానీ సూదిబెజ్జమంత చిల్లు మసక కళ్లని ఎలా బాగుచేస్తుందా అని ఆమె బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. తాత తుపాకీకి కొత్త బెజ్జం పెట్టడానికి మనసొప్పలేదు. గొట్టం వెనక పట్టీకి తాత బిగించిన పాత మరమేకునే ఊడదీసి, దాని కిందే ఇత్తడి రేకు దూర్చి, రేకు కొసన చిల్లు బిళ్ల నిలబెట్టింది. చిల్లు, గాడి, పూస ఒకే వరసలోకి వచ్చేదాకా అరిగించి, అప్పుడు గాడి ఉన్న ముక్కని తట్టి తీసేసింది. ఇసుక బస్తా మీద ఆనించి తనే రెండు గుళ్లు కాల్చి చూసుకుంది. రెండూ గుర్తు మీదే పడ్డాయి.

శనివారం పొద్దున ఆర్లీ కొట్టే కాయల లెక్క చూడటానికి వాళ్ల పినతండ్రి కొడుకు బర్ల్ వచ్చాడు. ఆర్లీ మొదటి గుండు కాయ కిందున్న కంచె కర్రకి తగిలింది. రెండోదీ అంతే, బెత్తెడు కిందికి. ఇక మిగిలిన మూడూ కొట్టి తీరాలి. ఇప్పుడే తుపాకీ చెల్లెలికిచ్చేస్తే మర్యాదగా ఉంటుందని బర్ల్ దెప్పాడు.

డెల్ఫా మిగిలిన కాయల వైపు చూసింది. తుపాకీ తన చేతికి రావడానికి ఒక్క గుండు తప్పితే చాలు. కానీ బస్తా మీద ఆనించి కాల్చినప్పుడు సరిగ్గా పోయింది ఇప్పుడెందుకు కిందికి పోతోంది? అదీ రెండుసార్లూ ఒక్కచోటికే? ఆ సంగతి తేలకపోతే ఆమెకి అన్నం సయించదు.

"అన్నయ్యా, చిల్లులో పూస ఎక్కడ పెడుతున్నావు?"

"ఎక్కడేమిటే, అడుగున. యాభై ఏళ్లుగా గాడిలో పెట్టినట్టే."

అదీ సంగతి. గాడికి అలవాటుపడ్డవాడు చిల్లుకి కూడా అడుగు వెతుక్కుంటున్నాడు. డెల్ఫా పెదవి కొరుక్కుంది. నోరు మూసుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టరు.

"చిల్లు సంగతి మర్చిపో. దాన్ని చూడకు. పూసని కాయ మీద పెట్టు, అంతే. మధ్య ఎక్కడుందో కన్నే వెతుక్కుంటుంది."

ఆర్లీ మందు పోసి, గుడ్డముక్కలో గుండు పెట్టి, కడ్డీతో తోశాడు. మూడో కాయ ఎగిరిపోయింది. నాలుగోదీ, ఐదోదీ కూడా. బర్ల్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఎందుకు చెప్పావే? నీకొచ్చేసేదిగా," అన్నాడు ఆర్లీ.

"నా బిళ్ల పనిచేస్తుందో లేదో చూడొద్దూ?"

బిళ్ల పనిచేసినందుకు ఆమెకి సంతోషంగా ఉంది. తుపాకీ దక్కనందుకు ఉక్రోషంగానూ ఉంది. ఆర్లీ దాన్ని భుజానికి తగిలించుకుని ఇంటిదారి పట్టాడు. ఎండలో ఇత్తడి మెరిసింది. తను అంత గట్టిగా బిగించిన బిళ్ల ఇంకో పదేళ్లు కదలదని డెల్ఫాకి తెలుసు.